అస్క్రా కవి హెసియడు

ఆసియా మైనరు పడమటి తీరమున క్యుమె యను గ్రీకు పట్టణముండెను. ఆ పట్టణపు నావికుడొకడు వర్తకమునకై ఓడలపై తిరిగి తిరిగి, గిట్టుబాటు కాక, బ్రదుకుతెరువు వెదకికొనుచు సముద్రము దాటి గ్రీసు దేశమునకు వచ్చెను. అచ్చట బొయోషియా మండలమున హెలికాను పర్వతము కలదు. దాని పాదమున నున్న అస్క్రా యను కుగ్రామమున అతడు కొంత భూమి సంపాదించి, చుక్కాని విడిచి నాగలి పట్టెను. ఆ నావికునకు ఇరువురు కుమారులు: హెసియడు, పెర్సీసు. హెసియడు క్రీ. పూ. 700 ప్రాంతమున కావ్యములు రచించి, గ్రీకుల ఆదికవులలో హోమరు సరసన నిలిచెను. పెర్సీసు పేరు కూడ నేటివఱకు నిలిచియున్నది. కాని అది అన్నదమ్ముల వ్యాజ్యమువలన నిలిచిన పేరు.

అస్క్రా సుఖమైన ఊరు కాదు. అచ్చట చలికాలమున చలి దుర్భరము, వేసవిలో ఎండ దుస్సహము. ఏ ఋతువునందును ఆ యూరు మంచిది కాదని హెసియడే తన కావ్యమున నిష్ఠురముగా చెప్పెను. జన్మభూమిని ఇంత నిర్మొహమాటముగా నిందించిన కవులు అరుదు. ఐనను ఆ నింద లేకున్నచో అస్క్రా పేరు నేడెవ్వరికిని తెలిసియుండదు.

హెసియడు బాల్యమున ఏ గురుకులమునను చదివినవాడు కాడు. గ్రీకులు ఫినీషియనుల యక్షరములను గ్రహించి తమ భాషను వ్రాసికొనుట నేర్చి అప్పటికి ఎక్కువ కాలము కాలేదు. కవిత్వము చెవితో విని నోటితో అలవఱచుకొనవలసిన విద్య. ఉత్సవములందును, ప్రభువుల విందులందును, మరణించిన వీరుల గౌరవార్థము జరుపు క్రీడలందును గాయకులు ట్రాయి యుద్ధ కథలను, దేవతల వంశావళులను పాడుచుండిరి. గొఱ్ఱెలను మేపు కుఱ్ఱవాడైనను చెవి యొగ్గి వినినచో ఆ విద్యలో ప్రవేశము కలుగవచ్చును.

ఆ పాటల ఛందస్సు ఆఱు గణముల పాదము. ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థులకు దానిని తెలియజెప్పుట సులభము. ఒక గురువు, రెండు లఘువులు గల భగణము దానికి ఆధారము. భగణమునకు మాఱుగా రెండు గురువులు గల గణమును వాడవచ్చును. పాదాంతమందలి గణమున రెండే యక్షరములుండును. ప్రాసనియమము లేదు, పాదమధ్యమున ఒక విరామముండును. ఈ నడకలో వేలకొలది పాదములు ఏకధాటిగా సాగిపోవును.

ఛందస్సునకు తగినట్లే కావ్యభాషయు వేఱుగా నుండెను. అది ఏ యూరివారును ఇంటిలో మాటలాడుకొను భాష కాదు. ఆసియా తీరమందలి అయోనియా మాండలికము ప్రధానముగా, అయోలియా మాండలిక రూపములును, వాడుక తప్పిన ప్రాచీన పదములును కలిసి, తరతరముల గాయకుల నోట నలిగి నునుపెక్కిన భాష అది. సూర్యోదయమునకు, సముద్రమునకు, ఓడకు, దేవతలలో ప్రతి యొక్కరికిని ఛందస్సునకు సరిపడు విశేషణములు అందు సిద్ధముగా నుండెను. గాయకుడు వానిని ఇటుకలవలె పేర్చుకొనుచు కథను నిర్మించుకొనెడివాడు. హెసియడు అస్క్రాలో ఇరుగుపొరుగువారితో బొయోషియా మాండలికమున మాటలాడియుండును. కాని కావ్యము చెప్పునప్పుడు ఆ మాటను విడిచి, హోమరు కావ్యములందున్న ఆ భాషనే చేపట్టెను. అనగా ఛందస్సు, పదములు, విశేషణములు, కథలు అన్నియు పూర్వుల సొత్తే. ఈ యెరవు సొమ్ముతో ఒక పల్లెటూరి రైతుబిడ్డ తన మాట తాను చెప్పుకొనగలుగునా యను ప్రశ్న అతని జీవితమంతయు వ్యాపించియున్నది.

హెలికాను చెంత గొఱ్ఱెలను మేపుచుండగా మ్యూజులు, అనగా కళాధిదేవతలు, తనకు ప్రత్యక్షమైరని హెసియడు చెప్పుకొనెను. గొఱ్ఱెలకాపరులను తిండిపోతులని ఎగతాళి చేసి, తాము నిజమువలె తోచు అబద్ధములను చెప్పగలమనియు, తలచుకొన్నచో నిజమునే చెప్పగలమనియు వారు పలికిరట. పిమ్మట అతని చేతికి లారెలు చెట్టుకొమ్మ నొకదాని నిచ్చి, అతనిలో దివ్యమైన కంఠధ్వనిని ఊదిరట. మ్యూజులను ప్రార్థించి కావ్యమారంభించుట గ్రీకు కవుల ఆచారము. అందు క్రొత్తదనమేమియు లేదు. కాని ఇలియడు, ఒడిస్సీ కావ్యములలో ఎచ్చటను కవి పేరు కానరాదు. హెసియడు ఆ పాత ఆచారము నడుమ తన పేరును, తన కొండను, తన గొఱ్ఱెలను తెచ్చి నిలిపెను. నేడు మనకు మిగిలిన గ్రీకు కావ్యములలో తన పేరు తానే చెప్పుకొన్న మొదటి కవి అతడే.

అతని మొదటి కావ్యము థియోగొనీ. అనగా దేవతల పుట్టుక. వేయి పాదములకు కొంచెము మించిన ఈ కావ్యమున మొదట శూన్యము, తరువాత భూమి, ఆమెనుండి ఆకాశము పుట్టిన విధము చెప్పబడినది. ఆకాశదేవుడైన యురేనసును అతని కుమారుడు క్రోనసు గాయపఱచి రాజ్యము గైకొనెను. తనకును కుమారునివలన చేటు కలుగునని తెలిసికొని క్రోనసు తన బిడ్డలను పుట్టినవారిని పుట్టినట్లు మ్రింగివేయుచుండెను. కడపటి బిడ్డయైన జ్యూసును తల్లి దాచి, మాఱుగా ఒక ఱాతిని గుడ్డలలో చుట్టి భర్తకందించెను. జ్యూసు పెరిగి పెద్దవాడై తండ్రిని జయించి, పదియేండ్లు టైటనులతో పోరాడి, పిడుగే ఆయుధముగా లోకాధిపతి యయ్యెను. క్రోనసు కక్కిన ఆ ఱాయి డెల్ఫీ క్షేత్రమున నిలుపబడెనని కవి చెప్పును.

ఈ కథ గ్రీకుల కల్పనయేనని చాలకాలము నమ్మిరి. టర్కీదేశమున బొఘాజ్‌కొయ్ యనుచోట 1906లో త్రవ్వకములు మొదలుకాగా, ప్రాచీన హిట్టయిటు రాజ్యపు రాజధాని బయల్పడెను. అచ్చట లభించిన మట్టిపలకలలో నొకదానిపై ఇట్టి కథయే యున్నది. మొదట అలలు, తరువాత ఆకాశదేవుడైన అను, అతనిని ఓడించి గాయపఱచిన కుమర్బి, తుదకు మెఱుపులకు పిడుగులకు అధిపతియైన తెషుబు క్రమముగా దేవలోకమును ఏలిరి. రెండు కథలందును కడుపులో దాగిన బిడ్డ కలదు; రెంటను ఒక ఱాయి కలదు. ఆ పలకలు హెసియడునకు కొన్ని వందల యేండ్ల పూర్వపువి. హెసియడు ఆ పలకలను చదివెనని ఎవ్వరును అనరు. తూర్పుదేశములతో వ్యాపారము చేయు గ్రీకు నావికుల ద్వారమున అట్టి కథలు నోటనుండి నోటికి ప్రాకివచ్చి గ్రీకు గాయకుల పాటలలో కలిసిపోయెనని పండితుల యూహ. హెసియడు తండ్రియే ఆసియా తీరమునుండి వచ్చిన నావికుడను సంగతి ఇచ్చట స్మరింపదగినది.

హెసియడు తన జీవితమున ఒక్కమాఱే సముద్రముపై పయనించెను. ఆ పయనమును అతడే వర్ణించెను. యుబియా ద్వీపమందలి ఖాల్కిసు పట్టణమున అంఫిడమసు అను వీరుడు మరణింపగా, అతని కుమారులు గొప్ప క్రీడోత్సవము జరిపి బహుమానములు ప్రకటించిరి. హెసియడు ఆలిసు రేవున ఓడనెక్కి ద్వీపమున దిగెను. నడుమనున్నది ఇఱుకైన జలసంధి మాత్రమే. ఒకదరినుండి చూచినచో రెండవదరి కనబడును. కాని ఆలిసు సామాన్యమైన రేవు కాదు. ట్రాయిపై దండెత్తిన గ్రీకు నావికాదళమంతయు గాలి అనుకూలింపక ఆగిన స్థలమదియే. వీరులు పదియేండ్ల యుద్ధమునకై బయలుదేఱిన రేవునుండి తాను ఒక పాట పాడివచ్చుటకై పోయితినని చెప్పి హెసియడు ఆ సంగతిని కూడ గుర్తుచేసెను. ఇందు కొంత చమత్కారము, కొంత ఆత్మగౌరవము కలవు. ఖాల్కిసులో అతడు గెలిచెను. చేతిపిడులు గల ముక్కాలిపాత్ర నొకదానిని బహుమానముగా పొంది, దానిని ఇంట దాచుకొనక, మ్యూజులు తనకు విద్య నేర్పిన హెలికానుమీదనే వారికి సమర్పించెను.

ఇంతలో తండ్రి గతించెను. అన్నదమ్ములు భూమిని పంచుకొనిరి. పెర్సీసు గ్రామాధికారము చలాయించు ప్రభువులను కానుకలతో మంచిచేసికొని తన వంతుకంటె హెచ్చు భాగమును తన్నుకొనిపోయెను. అంతటితో ఆగక, తనకు వచ్చినది ఖర్చుపెట్టుకొని, మరల వ్యాజ్యమునకు సిద్ధపడెను. పల్లెటూరి తగవులలో వింత యేమియు లేదు. ఇట్టివి ఏ దేశమునందైనను కలవు. హెసియడునకు కఱ్ఱ యెత్తు బలము లేదు, కానుకలిచ్చు ధనము లేదు. అతనికి ఉన్నది వీరులను కీర్తించుటకు పూర్వులు తయారుచేసిన ఆఱుగణముల పాదము ఒక్కటే. దానినే అతడు పెర్సీసుపై ప్రయోగించెను. అట్లు పుట్టినదే పనులు - దినములు అను కావ్యము. అందు దాదాపు 830 పాదములు కలవు.

ఈ కావ్యము ఆరంభమే విచిత్రము. థియోగొనీలో కలహమను దేవత ఒక్కతెయే. ఆమె రాత్రికి కూతురు, లోకమునకు కీడు. పనులు - దినములు కావ్యమున అతడు ఆ మాటను సవరించుకొనెను. కలహములు రెండనియు, ఒకటి యుద్ధములను వ్యాజ్యములను పెంచునదనియు, రెండవది పొరుగువాడు పొలము దున్నుట చూచి సోమరిని కూడ పనికి పురికొల్పు స్పర్ధ యనియు చెప్పెను. కుమ్మరికి కుమ్మరితో, వడ్రంగికి వడ్రంగితో, గాయకునకు గాయకునితో పోటీ మంచిదేయని అతని యభిప్రాయము. పూర్వుల కథను దిద్దుట సులభమే. తాను పూర్వము చెప్పినదానిని తానే దిద్దుకొనుటకు ధైర్యము కావలెను.

తరువాత అతడు తమ్ముని, ప్రభువులను ఎదుట నిలుపుకొన్నట్లు మాటలాడును. (పెర్సీసు అన్నయో తమ్ముడో కావ్యమున లేదు, మందలింపు ధోరణినిబట్టి తమ్ముడనుట వాడుక.) ప్రభువులను లంచములు మ్రింగువారని నిందించును. డేగ కాళ్లలో చిక్కిన కోకిలవంటి పిట్టకథ నొకదానిని చెప్పును. గ్రీకు భాషలో మనకు దొరకిన నీతికథలలో అదియే మొదటిది. మానవజాతులు స్వర్ణము, రజతము, కంచు, ఇనుము అని క్రమముగా దిగజాఱినవని చెప్పును. మన కృత త్రేతా ద్వాపర కలియుగములు జ్ఞప్తికి వచ్చు కథ ఇది. కాని కంచుకును ఇనుమునకును నడుమ హెసియడు ఏ లోహపు పేరును లేని మఱియొక జాతిని చేర్చెను. అది థీబ్సు, ట్రాయి యుద్ధములందు మరణించిన వీరుల జాతి. లోహముల కథ యొకచోటిది, వీరుల కథ మఱియొకచోటిది. రెండును వదలలేక అతడు అతికించిన అతుకు స్పష్టముగా కనబడును. ఆ అతుకే అతడు పూర్వుల సొమ్మును ఎట్లు వాడుకొనెనో చూపుచున్నది.

కావ్యపు మధ్యభాగము సేద్యమునకు సంబంధించినది. కృత్తికలు వేకువజామున తూర్పున పొడసూపగానే కోతలు మొదలిడవలెను. అవి వేకువను పడమట క్రుంకునప్పుడు దుక్కి పట్టవలెను. నడుమ నలువది రాత్రులు అవి కనబడవు. మృగవ్యాధుడు నడిమింటికి వచ్చి, వేకువను స్వాతి కనబడునపుడు ద్రాక్షగుత్తులు కోయవలెను. కార్తెలనుబట్టి సేద్యము చేయు తెలుగు రైతునకు ఈ లెక్క పరాయిది కాదు; మే నెలలో వచ్చు కృత్తికకార్తె ఆ నక్షత్రముల పేరిటిదే. నాగలిలో ఏ భాగమునకు ఏ చెట్టుకఱ్ఱ పనికివచ్చునో, ఒక నాగలి విఱిగినచో పని ఆగకుండ రెండవది ఎందుకు సిద్ధముగా నుండవలెనో అతడు వివరించును. ఎడ్లు తొమ్మిదేండ్లవి కావలెనట. దున్నువాడు నలువదియేండ్లవాడు కావలెనట. ఏలన కుఱ్ఱవాడు చాలు వంక చూడక ఈడువారి వంక చూచును. వెనుక నొక బాలుడు గునపము పట్టి, పక్షులు తినకుండ గింజలపై మన్ను కప్పుచు రావలెను. ఇలియడులో వీరుల కవచములను వర్ణించు ఛందస్సే ఇచ్చట ఎడ్లను, కాడిని, గింజలను మోయుచున్నది. తండ్రి కుమారునకో, పెద్దవాడు పిన్నవానికో బోధించు ఉపదేశగ్రంథములు సుమేరు, ఈజిప్టు దేశములలో అంతకుముందే కలవు. కాని బోధింపబడువాడు తన భూమిని హరించిన తోబుట్టువు కావుటచే హెసియడు బోధకు పదునెక్కినది. ఆ వ్యాజ్యము తుదకెట్లు తీఱినదో కావ్యము చెప్పదు.

హోమరు, హెసియడు కావ్యములలో ఒకే తీరు పంక్తులు పెక్కు కలవు. సభలో తీయగా మాటలాడువానిని జనులు దేవునివలె చూతురను భావము ఒడిస్సీలోను, థియోగొనీలోను దాదాపు అవే మాటలతో ఉన్నది. ఎవరు ఎవరిని అనుకరించిరని పండితులు ఎంతయో వాదించిరి. ఈ వాదమునకు క్రొత్త వెలుగు చూపినవాడు మిల్మను పారీ యను అమెరికను పండితుడు. హోమరు విశేషణములు ఒక కవి కల్పనలు కావనియు, తరతరముల గాయకుల ఉమ్మడి సొత్తనియు అతడు 1928లో పారిసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథములలో నిరూపించెను. 1933 మొదలు 1935 వఱకు యుగొస్లావియాలో తిరిగి, గూస్లె యను తంత్రీవాద్యమును వాయించుచు కథలు పాడు జానపద గాయకుల పాటలను యంత్రములపై ఎక్కించెను. వారిలో అవ్దో మెజెదొవిచ్ అనునతడు పండ్రెండువేలకు మించిన పాదముల కథ నొకదానిని చెప్పెను. పారీ 1935లో తన ముప్పదిమూడవ యేటనే మరణించినను అతని మాట నిలిచెను. ఇద్దఱు కవుల పంక్తులు కలిసినంత మాత్రమున ఒకరు మఱియొకరిని అనుకరించినట్లు కాదు. ఇరువురును ఒకే బావిలో నీరు తోడుకొనియుండవచ్చును.

ఐనను అచ్చమైన అనుకరణము లేకపోలేదు. హెరాక్లీసు డాలు అను 480 పాదముల కావ్యమొకటి హెసియడు పేరుతో చలామణియయ్యెను. ఇలియడు పదునెనిమిదవ సర్గమున అకిలీసు డాలు వర్ణన కలదు. అందు నగరములు, పెండ్లిండ్లు, కోతలు, నాట్యములు చూడముచ్చటగా చెక్కబడియుండును. దానినే మాదిరిగా గైకొని ఈ కావ్యకర్త భయంకరరూపములను, పాములను, నెత్తురును క్రుమ్మరించెను. ఇది హెసియడు రచన కాదని బైజాంటియము నగరపు అరిస్టొఫనీసు వంటి ప్రాచీన విమర్శకులే సందేహించిరి. హెసియడు పూర్వులను వాడుకొన్న తీరునకును, ఈ అజ్ఞాతకవి వాడుకొన్న తీరునకును గల భేదము రెంటిని ప్రక్కప్రక్కన చదివిన వారికి చెప్పనక్కఱలేదు. ఎన్నో శతాబ్దుల పిమ్మట రోములో వర్జిలు మహాకవి పనులు - దినములు కావ్యమును ఆదర్శముగా గైకొని సేద్యముపై జార్జిక్సు రచించి, అది అస్క్రా పాటయని తానే ఒప్పుకొనెను.

ఖాల్కిసు విజయమును గూర్చి పిదపవారు ఒక కథ కల్పించిరి. అచ్చట హెసియడుతో పోటీపడినవాడు సాక్షాత్తు హోమరేయట. వినవచ్చినవారందఱు హోమరునకే బహుమానమీయవలెనని కేకలు వేసిరట. కడపట ఇరువురును తమ కావ్యములందు మేలైన భాగమును వినిపింపవలసివచ్చెను. హోమరు యుద్ధభూమిలో నిలిచిన సేనాపంక్తులను వర్ణించెను. హెసియడు కృత్తికల ఉదయమును, కోతలను చెప్పెను. యుద్ధములను పొగడువానికంటె సేద్యమునకు, శాంతికి పిలుచువాడే గెలువదగునని పనీడీసు ప్రభువు తీర్పుచెప్పెనట. ఇది చరిత్ర కాదు. కాని లంచములు మ్రింగు ప్రభువులవలన నష్టపడిన కవికి, జనుల కేకలకు లొంగని న్యాయాధిపతిని కథలోనైన చూపిరి.

అతని మరణమును గూర్చియు కథలే మిగిలినవి. నెమియా వనమున మరణము పొంచియున్నదని దైవవాణి హెచ్చరింపగా, అతడు ప్రసిద్ధమైన ఆ నెమియాకు దూరముగా లోక్రిసు దేశమునకు పోయెనట. అచ్చట కూడ నెమియా జ్యూసునకు ఆలయమున్నదని అతనికి తెలియదు. నిరపరాధియైన అతనిని అచ్చటివారు అనుమానించి చంపి సముద్రమున పడవైవగా, మూడవనాడు డాల్ఫినులు కళేబరమును ఒడ్డునకు చేర్చెనట. క్రీ. పూ. 5వ శతాబ్దియందలి చరిత్రకారుడు థుసిడిడీసు కాలమునకే ఈ మరణవృత్తాంతము ప్రచారములో నుండెను.

అస్క్రా గ్రామము కూడ నిలువలేదు. పొరుగున నున్న థెస్పియా నగరమువారు దానిని నాశనము చేయగా, మిగిలినవారు ఆర్కొమెనసు నగరమున తలదాచుకొనిరి. హెసియడు అస్థికలను కూడ ఆ నగరమువారే తెచ్చుకొని సమాధి కట్టిరి. క్రీ. శ. 2వ శతాబ్దిలో పాసనియసు అను యాత్రికుడు ఆ ప్రదేశములన్నియు తిరిగి చూచెను. అస్క్రాలో చెప్పుకొనదగినది ఒక్క బురుజు మాత్రమే మిగిలియుండెను. హెలికానుమీద పాతకాలపు ముక్కాలిపాత్ర నొకదానిని చూపి, అది ఖాల్కిసులో హెసియడు గెలిచినదని అచ్చటివారు చెప్పిరి. ఊటబావి చెంత సీసపు రేకు నొకదానిని కూడ చూపిరి. కాలవశమున చాలవఱకు అరిగిపోయిన ఆ రేకుపై పనులు - దినములు కావ్యము చెక్కబడియుండెను. హెసియడు రచించినది అదియొక్కటియేయని ఆ కొండవారు గట్టిగా చెప్పుచుండిరి. అందును కవులందఱు ఆచారముగా చేయు మ్యూజుల ప్రార్థనను వారు అంగీకరింపలేదు. వారి లెక్కలో ఆ కావ్యము రెండు కలహముల మాటతోనే మొదలగును.